తొలి ఆల్బమ్‌కు దక్కిన ఆదరణను అంచనా వేయడం ఎలా?

సింథసైజర్ల పొరలు, దీర్ఘమైన ప్రతిధ్వని, కాస్త వెనక్కి జరిపిన గొంతు, నెమ్మదైన బీట్ ప్రధానంగా సాగే ఎలక్ట్రానిక్ పాప్ తొలి ఆల్బమ్‌ను విమర్శకులు, శ్రోతలు ఎలా స్వీకరించారో రాయదలచినవారు, ఏ సమీక్షా చదవకముందే ఆ ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట వరకు కనీసం రెండుసార్లు వినాలి. ఒకసారి హెడ్‌ఫోన్లతో, మరొకసారి గదిలో మంచి స్పీకర్లపై వినడం మేలు. లోతైన బాస్, ధ్వని ఎడమ కుడి వైపులకు పరచుకునే తీరు ఫోన్ స్పీకర్‌లో చాలావరకు మాయమవుతాయి. కాబట్టి "పాటలన్నీ ఒకేలా ఉన్నాయి" అన్న ఫిర్యాదులో కొంత పాటల లోపం ఉండవచ్చు, కొంత విన్న పరికరం లోపం ఉండవచ్చు. ఆ రెండింటినీ వేరుచేయడానికి మీ చెవి తప్ప మరో ఆధారం ఉండదు.

తరువాత సమీక్షలను సేకరించి, ప్రతిదాని పక్కన ప్రచురణ తేదీ రాసుకోండి. విడుదల వారంలో వచ్చే సమీక్షలలో చాలావాటిని విమర్శకులు ముందుగా అందిన ప్రతిని విని, గడువులోపు రాస్తారు. నెమ్మదిగా మనసుకెక్కే సంగీతానికి ఆ వ్యవధి తరచుగా చాలదు. చదివేటప్పుడు ప్రతి సమీక్షలోని వాక్యాలను మూడు రకాలుగా గుర్తించండి: ధ్వనిని వర్ణించేవి, ఇతర కళాకారులతో పోల్చేవి, తీర్పు చెప్పేవి. ఇలా గుర్తిస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. ఈ సంగీతం గురించి రాసేటప్పుడు ఒకే వర్ణన మెచ్చుకోలుగానూ ఆక్షేపణగానూ పనిచేస్తుంది. ఒకరు "చల్లగా, దూరంగా ఉంది" అని రాసి అదే అందమంటారు; మరొకరు అవే మాటలు రాసి ప్రాణం లేదంటారు. అంటే ఇద్దరూ విన్నది ఒకటే, వారు ఆశించినది వేరు. సమీక్షకులు ధ్వని విషయంలో విభేదించారా, విలువ విషయంలో విభేదించారా అన్నది తేల్చడమే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగమని నా అభిప్రాయం.

అంకెల విషయంలో ఎక్కువసేపు ఆగనవసరం లేదు గాని, అవి ఎలా తయారవుతాయో తెలిసి ఉండాలి. సమీక్షలను ఒకచోట చేర్చే మెటాక్రిటిక్ వెబ్‌సైట్ వేర్వేరు పత్రికల మార్కులను 100కు మార్చి, కొన్ని పత్రికలకు ఎక్కువ ప్రాధాన్యమిస్తూ సగటు తీస్తుంది. 5 నక్షత్రాలకు 3 ఇచ్చిన సమీక్ష అక్కడ 60 అవుతుంది. "బాగుంది, వినవచ్చు" అన్న భావంతో ఇచ్చిన 3 నక్షత్రాలు 60గా మారగానే అసంతృప్తిలా కనిపిస్తాయి. కనుక సగటును ఉటంకిస్తే, ఎన్ని సమీక్షల ఆధారంగా వచ్చిందో, వాటిలో అత్యధికం, అత్యల్పం ఎంతో కూడా చెప్పండి.

తొలి ఆల్బమ్‌కు పోలికల భారం ఎక్కువ. కళాకారుల గత రచనలు లేకపోవడంతో సమీక్షకులు వంశవృక్షం వెతుకుతారు. మసకగా, నెమ్మదిగా సాగే దేనినైనా బ్రిటిష్ బృందం మాసివ్ అటాక్ తొలి ఆల్బమ్ (1991)తోనో, మరో బ్రిటిష్ బృందం పోర్టిస్‌హెడ్ తొలి ఆల్బమ్ "డమ్మీ" (1994)తోనో పోల్చడం తేలిక. పోలిక కనిపించినప్పుడు, అది డ్రమ్స్ గురించా, గొంతు గురించా, కేవలం మూడ్ గురించా అని అడగండి. జవాబు దొరకని పోలికను మీ వ్యాసంలోకి తీసుకురావద్దు.

శ్రోతల ఆదరణను వేరే కొలమానంతో చూడాలి. శ్రోతలే ఆల్బమ్‌లకు మార్కులు వేసే రేట్ యువర్ మ్యూజిక్ వంటి వెబ్‌సైట్లలో సగటు కన్నా రేటింగుల విస్తరణ ఎక్కువ చెబుతుంది: చాలామంది మధ్యస్థంగా మార్కులు వేశారా, లేక ప్రేమించినవారు, విసుగు చెందినవారు రెండు గుంపులుగా విడిపోయారా? స్ట్రీమింగ్ సంఖ్యలను పాటలవారీగా పక్కపక్కన పెట్టి చూడండి. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే ఒక ప్లేగా లెక్కిస్తారు కాబట్టి, ఆ సంఖ్య పాట పూర్తిగా విన్నారనడానికి సాక్ష్యం కాదు. ఒక్క పాట మాత్రమే మిగతావాటికి అందనంత ఎత్తులో ఉంటే, అది నిద్రకో చదువుకో కూర్చిన ప్లేలిస్టులలో చేరిందేమో పరిశీలించాలి. అలా నేపథ్యంగా వినేవారు ఆల్బమ్‌ను ఆదరించినట్టా కాదా అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. తీవ్రమైన వేదన నిండిన "డమ్మీ"కి కూడా విందుల్లో వినిపించే నేపథ్య సంగీతంగా పేరుపడింది. ఆ వాడుక ఆల్బమ్‌కు అన్యాయమే అయినా, దాని ఆదరణ చరిత్రలో భాగమే గనుక దాచకుండా రాయాలి.

ఇక కాలం. బ్రిటన్‌కు చెందిన ద ఎక్స్ఎక్స్ బృందం తన పేరుతోనే తొలి ఆల్బమ్‌ను 2009 ఆగస్టులో విడుదల చేసింది. విమర్శకులు వెంటనే మెచ్చుకున్నారు గాని, విస్తృత ప్రజాదరణ నెమ్మదిగా వచ్చింది. 2010 బ్రిటిష్ సార్వత్రిక ఎన్నికల ప్రసారాలలో బీబీసీ ఆ ఆల్బమ్ ప్రారంభ సంగీతాన్ని వాడుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ దక్కాక ఆల్బమ్ బ్రిటన్ చార్టులో 3వ స్థానానికి చేరింది. విడుదల వారంలోనే లెక్క ముగించి ఉంటే ఈ కథలో సగం తెలిసేది కాదు. అందుచేత మొదటి వారం, సంవత్సరాంతపు జాబితాలు, ఏడాది తరువాతి స్థితి అనే మూడు దశలను విడివిడిగా నమోదు చేయండి. ఆల్బమ్ ఇంకా కొత్తదైతే, మీ అంచనా ఏ తేదీ నాటిదో వ్యాసం మొదటి పేరాలోనే తెలియజేయండి.

రాసేటప్పుడు "అందరూ మెచ్చుకున్నారు" వంటి వాక్యాలను పక్కనపెట్టి, ఎవరు ఏ పాటను ఏ కారణంతో మెచ్చుకున్నారో చెప్పండి. విమర్శకులు, శ్రోతలు విడిపోయిన చోట ఒక పక్షం వహించే ముందు, వివాదానికి కారణమైన ఆ పాటను మళ్ళీ ఒకసారి పూర్తిగా వినండి.