మధ్యేవామపక్ష పార్టీ కాలక్రమంలో ఎలా మారిందో తెలుసుకోవడం ఎలా? బ్రిటన్ లేబర్ పార్టీని చదివే పద్ధతి

ఫలానా పార్టీ కుడివైపు జరిగిందని, మళ్లీ వామపక్షం వైపు మొగ్గిందని వార్తల్లో తరచూ చదువుతుంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో స్వయంగా తేల్చుకోవాలంటే నాయకుల ప్రసంగాలు చదివితే సరిపోదు. పార్టీ నియమావళినీ, నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతినీ, ఓటమి చవిచూసిన సంవత్సరాలనూ, అధికారంలో ఉండగా చేసిన పనులనూ పక్కపక్కన పెట్టుకొని చూడాలి. ఈ సాధనకు బ్రిటన్ లేబర్ పార్టీ బాగా అనువైనది. 1900 ఫిబ్రవరిలో లండన్‌లో కార్మిక సంఘాలూ సోషలిస్టు బృందాలూ కలిసి ఏర్పాటు చేసుకున్న కమిటీ నుంచి పుట్టిన ఈ పార్టీ మారిన ప్రతిసారీ ఆ మార్పు కాగితం మీద నమోదైంది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారత పౌరులకు కామన్వెల్త్ పౌరులుగా అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది కనుక, అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి ఈ విషయం పరాయిది కాదు.

మొదటి పని: లక్ష్య ప్రకటన పాత పాఠాన్నీ కొత్త పాఠాన్నీ పోల్చండి

లేబర్ పార్టీ 1918లో ఆమోదించిన నియమావళిలోని నాలుగో నిబంధన పార్టీ లక్ష్యాన్ని చెబుతుంది. సోషలిస్టు మేధావి సిడ్నీ వెబ్ రూపొందించిన ఆ నిబంధన, శ్రామికులకు తమ శ్రమఫలం పూర్తిగా దక్కాలంటే ఉత్పత్తి సాధనాలు ఉమ్మడి యాజమాన్యంలో ఉండాలని ప్రకటించింది. టోనీ బ్లెయిర్ నాయకత్వంలో 1995 ఏప్రిల్ 29న జరిగిన ప్రత్యేక మహాసభ దాన్ని తొలగించి మరో పాఠాన్ని చేర్చింది. రెండింటినీ వరుసగా చదివినవారికి ఒక విశేషం కనిపిస్తుంది. పాత నిబంధనలో సోషలిజం అనే మాటే లేదు, ఉమ్మడి యాజమాన్యం ఉంది. కొత్త నిబంధన పార్టీని ప్రజాస్వామిక సోషలిస్టు పార్టీ అని పిలుచుకుంది, ఉమ్మడి యాజమాన్యాన్ని మాత్రం వదిలేసింది. కాబట్టి ఏ పేరు వచ్చి చేరిందన్న దానికన్నా ఏ హామీ తొలగిపోయిందన్నదే ముందుగా గమనించవలసిన విషయం.

ఈ మార్పు బ్లెయిర్ ఒక్కరికే తట్టిన ఆలోచన కాదు. 1959లో వరుసగా మూడోసారి ఓడిన తర్వాత అప్పటి నాయకుడు హ్యూ గేట్‌స్కెల్ కూడా ఇదే నిబంధనను సవరించాలని ప్రయత్నించి, పార్టీలోనూ కార్మిక సంఘాల్లోనూ ఎదురైన వ్యతిరేకత వల్ల వెనక్కి తగ్గారు. ఒకే ప్రతిపాదన ఒకసారి ఎందుకు వీగిపోయింది, 36 ఏళ్ల తర్వాత ఎందుకు నెగ్గింది అన్న ప్రశ్న వేసుకుంటే అధ్యయనం దారిలో పడుతుంది.

రెండో పని: నాయకుణ్ణి ఎవరు ఎన్నుకుంటున్నారో సంవత్సరాల వారీగా రాసుకోండి

నా అభిప్రాయంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. 1980 వరకు లేబర్ నాయకుణ్ణి ఆ పార్టీ పార్లమెంటు సభ్యులే ఎన్నుకునేవారు. 1981 జనవరిలో వెంబ్లీలో జరిగిన ప్రత్యేక మహాసభ ఆ అధికారాన్ని ముగ్గురికి పంచింది: కార్మిక సంఘాలకు 40 శాతం, పార్లమెంటు సభ్యులకు 30 శాతం, నియోజకవర్గ శాఖలకు 30 శాతం. పార్టీ వామపక్షం వైపు వెళ్తోందని భావించిన లేబర్ ప్రముఖులు రాయ్ జెంకిన్స్, డేవిడ్ ఓవెన్, షిర్లీ విలియమ్స్, బిల్ రోడ్జర్స్ ఆ మరునాడే తమ అసమ్మతి ప్రకటన విడుదల చేశారు, మార్చిలో విడిగా సోషల్ డెమోక్రటిక్ పార్టీని స్థాపించారు. 1993లో జాన్ స్మిత్ హయాంలో మూడు వర్గాల వాటాలూ సమానమయ్యాయి, సంఘాల నాయకులు గంపగుత్తగా వేసే ఓటు స్థానంలో సంఘ సభ్యుల వ్యక్తిగత ఓటు వచ్చింది. 2014లో వాటాల పద్ధతినే రద్దు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ఓటు ఇచ్చారు; మద్దతుదారుగా నమోదైనవారు కూడా ఓటు వేసే వీలు కల్పించారు, 2015లో ఆ నమోదు రుసుము మూడు పౌండ్లు.

ఈ జాబితా చేతిలో ఉంటే ఫలితాలు అర్థమవుతాయి. 2010లో పార్లమెంటు సభ్యుల్లోనూ పార్టీ సభ్యుల్లోనూ డేవిడ్ మిలిబాండ్‌కే ఆధిక్యం వచ్చినా, సంఘాల విభాగం బలంతో ఆయన తమ్ముడు ఎడ్ మిలిబాండ్ స్వల్ప తేడాతో గెలిచారు. 2015లో పోటీకి 35 మంది పార్లమెంటు సభ్యుల మద్దతు కావాలి. పార్టీలో వామపక్షానికి చెందిన జెరెమీ కార్బిన్‌కు గడువు ముగిసే వేళకు 36 నామినేషన్లు అందాయి. వాటిలో కొన్ని, చర్చలో అన్ని గొంతులూ వినిపించాలన్న ఉద్దేశంతో ఆయన విధానాలను సమర్థించనివారు ఇచ్చినవి. ఆయన తొలి లెక్కింపులోనే 59.5 శాతంతో గెలిచారు. మూడు పౌండ్ల మద్దతుదారులే ఆయనను గెలిపించారన్న మాట వినిపిస్తుంటుంది గానీ, పూర్తి సభ్యుల్లోనూ దాదాపు సగం మంది ఆయనకే ఓటు వేశారు. పోటీ చేయడానికి ఎంత శాతం పార్లమెంటు సభ్యుల నామినేషన్ కావాలన్న కనీస పరిమితిని కూడా చూడండి: 2014లో 15గా పెట్టిన దాన్ని, కార్బిన్ హయాంలో 2017లో 10కి తగ్గించారు, ఆయన తర్వాతి నాయకుడు కియర్ స్టార్మర్ హయాంలో 2021లో 20కి పెంచి మద్దతుదారుల ఓటునూ తీసేశారు. తర్వాతి నాయకుడు ఎవరు కావచ్చన్న పోరాటం ఆ అంకెలో కనిపిస్తుంది.

అయితే నియమమే అంతా నిర్ణయిస్తుందని అనుకోకూడదు. వామపక్షానికి చెందిన మైకేల్ ఫుట్‌ను 1980లో ఎన్నుకున్నది పార్లమెంటు సభ్యులే; వాటాల పద్ధతిలో తొలి నాయకుడైన నీల్ కిన్నక్ పార్టీని మధ్యేమార్గం వైపు నడిపించారు; కార్బిన్‌ను గెలిపించిన పద్ధతికి దగ్గరగా ఉన్న పద్ధతిలోనే 2020లో స్టార్మర్ గెలిచారు.

మూడో పని: ఆ జాబితా పక్కనే ఓటముల వరుస రాయండి

పై వైరుధ్యానికి జవాబు ఇక్కడ దొరుకుతుంది. 1983లో లేబర్‌కు 27.6 శాతం ఓట్లు, 209 స్థానాలు వచ్చాయి. సోషల్ డెమోక్రాట్లు, లిబరల్స్ కూటమి 25.4 శాతంతో మూడో స్థానంలో నిలిచినా దాదాపు సమానంగా దగ్గరకు వచ్చింది. ఆ దెబ్బ తర్వాత కిన్నక్ 1985లో బోర్న్‌మత్ మహాసభ వేదిక నుంచే, పార్టీలోపల పనిచేస్తున్న మిలిటెంట్ అనే తీవ్ర వామపక్ష వర్గాన్ని ఎదిరించారు, 1987లో మళ్లీ ఓడాక విధానాల సమీక్షకు పూనుకొన్నారు. 1992లో మళ్లీ ఓడిపోవడంతో, గేట్‌స్కెల్‌కు అడ్డుపడినంత గట్టిగా బ్లెయిర్‌కు అడ్డుపడే ఓపిక పార్టీకి లేకపోయింది. దీనికి భిన్నంగా 2010, 2015 ఓటముల తర్వాత సభ్యుల్లో చాలామంది, బ్లెయిర్ ప్రభుత్వం పాల్గొన్న ఇరాక్ యుద్ధంపై ఆగ్రహంతో, ప్రభుత్వ ఖర్చులకు కోత పెట్టే పొదుపు విధానాలను పార్టీ గట్టిగా ఎదిరించలేదన్న అసంతృప్తితో కార్బిన్ వైపు తిరిగారు. ప్రతి ఓటమి తర్వాత "ఎందుకు ఓడాం" అన్న ప్రశ్నకు ఎవరి జవాబు నెగ్గిందో రాసుకోవడం తప్పనిసరి.

నాలుగో పని: వాగ్దానం ఎవరికి చేశారో చూసి, చేసిన పనితో సరిపోల్చండి

నాయకత్వ పోటీలో ఇచ్చే హామీలు పార్టీ సభ్యులను ఉద్దేశించినవి, ఎన్నికల ప్రణాళిక దేశ ఓటర్లను ఉద్దేశించినది. స్టార్మర్ 2020లో ప్రకటించిన పది హామీల్లో రైల్వేలు, తపాలా, ఇంధనం, నీటి సరఫరాలకు ఉమ్మడి యాజమాన్యం ఉంది. 2024 ఎన్నికల నాటికి వాటిలో ప్రధానంగా రైల్వేలు మిగిలాయి, ఆ ఏడాదే వాటికి సంబంధించిన చట్టం వచ్చింది.

అధికారంలో చేసిన పనుల్ని ఒకే ముద్ర కింద సర్దేయడం పొరపాటు. లేబర్ ప్రధాని క్లెమెంట్ అట్లీ ప్రభుత్వం 1946లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను జాతీయం చేసింది, 1947లో భారతదేశానికి స్వాతంత్ర్యమిచ్చే చట్టం చేసింది, 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించింది. అయినా పరిశ్రమల్లో అధిక భాగం ప్రైవేటు చేతుల్లోనే ఉండిపోయింది. 1997లో బ్లెయిర్ ప్రభుత్వం వడ్డీ రేట్లు నిర్ణయించే అధికారాన్ని అదే బ్యాంకుకు వదిలేసింది, 1999లో దేశమంతటా కనీస వేతనాన్ని అమలులోకి తెచ్చింది. మొదటిది చూసినవారు కుడి అంటారు, రెండోది చూసినవారు ఎడమ అంటారు. రెండూ రాసుకున్నవారికే ఆ ప్రభుత్వ స్వభావం తెలుస్తుంది.

అయిదో పని: ఓట్ల శాతాన్నీ స్థానాల సంఖ్యనూ విడివిడిగా ఉంచండి

2017లో కార్బిన్ నాయకత్వంలో 40 శాతం ఓట్లు వచ్చాయి, స్థానాలు 262. 2019లో 32.1 శాతంతో 202 స్థానాలకు పడిపోయింది. 2024లో స్టార్మర్ నాయకత్వంలో 33.7 శాతం ఓట్లకే 411 స్థానాలు దక్కాయి, మొత్తం ఓట్ల సంఖ్య మాత్రం 2019 కంటే తక్కువ. ఒక్కో నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలో ఎదుటి పక్షం ఓటు చీలడం పెద్ద తేడా తెస్తుంది. కాబట్టి 2024 విజయాన్ని కొత్త నాయకత్వ సిద్ధాంతానికి దేశమిచ్చిన ఆమోదంగా రాసుకునే ముందు, ఆ ఎన్నికలో కన్జర్వేటివ్ పార్టీకి 23.7 శాతం, దానికి కుడివైపున ఉన్న రిఫార్మ్ యూకే పార్టీకి 14.3 శాతం ఓట్లు వచ్చాయన్న వివరాన్ని కూడా అదే పేజీలో చేర్చుకోండి.