కొన్న పాటలను ఆడియో సీడీకి ఎక్కించినప్పుడు ధ్వని చెడితే

డబ్బు పెట్టి కొని దింపుకున్న పాట సీడీలో పేలవంగా వినిపిస్తే మొదట డిస్కునే అనుమానిస్తాం. తప్పు అక్కడ ఉండడం అరుదు. ఆడియో సీడీలో ధ్వని సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వని కొలతల) చొప్పున, 16 బిట్లలో, రెండు చానళ్లలో, ఏ కుదింపూ లేకుండా ఉంటుంది. సీడీ మీద రాసే బర్నింగ్ సాఫ్ట్‌వేర్, ఎంపీ3, ఏఏసీ వంటి కుదించిన ఫైలును విప్పి ఆ రూపంలో రాస్తుందే తప్ప మళ్లీ కుదించదు. కాబట్టి లోపాన్ని అంతకు ముందున్న మెట్లలో వెతకాలి.

సమస్య: తాళాల మోత, వయొలిన్ తారస్థాయి స్వరాలు గరుకుగా వినిపిస్తున్నాయి.

కొన్న ఫైలే సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 అయి ఉండవచ్చు, లేదా మధ్యలో ఒక ఫార్మాట్ నుంచి మరొక ఫార్మాట్‌కు మార్చినప్పుడు రెండోసారి కుదింపు జరిగి ఉండవచ్చు. ఎంపీ3ని, ధ్వనిలో ఏమీ పోగొట్టకుండా కుదించే ఫ్లాక్‌గా మార్చినంత మాత్రాన పోయిన ధ్వని తిరిగి రాదు. అమ్మినవారు ఫ్లాక్ గానీ కుదింపు లేని వేవ్ గానీ ఇస్తుంటే దానినే మళ్లీ దింపుకోవాలి. ధ్వనిని సవరించే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ పౌనఃపున్యంలో ఎంత ధ్వని ఉందో చూపే పటం) తెరిచినప్పుడు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్లు తెగిపోతే కుదింపును అనుమానించవచ్చు. అయితే పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి తీసిన పాటలలో పై ధ్వనులు మొదటి నుంచీ ఉండవు గనుక వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

సమస్య: ఆలాపన ముగిసి కృతి మొదలయ్యే చోట శ్రుతి ఒక్కసారిగా ఆగిపోతోంది.

కచేరీ రికార్డింగులను పాడుచేసేది అన్నిటికన్నా ఇదే. తంబూరా నాదం ఎడతెగకుండా సాగవలసిన చోట రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తే, ట్రాక్‌ల మధ్య విరామాన్ని సాఫ్ట్‌వేర్ తానే చేర్చిందని అర్థం. బర్న్ చేసే పద్ధతిని, డిస్కు మొత్తాన్ని ఆపకుండా ఒకే విడతలో రాసే ‘డిస్క్ ఎట్ వన్స్’కు మార్చి, విరామాన్ని సున్నా చేయాలి. అప్పటికీ చిన్న తడబాటు మిగిలితే దానికి కారణాలు రెండు. ఎంపీ3 ధ్వనిని 1,152 శాంపిళ్ల ముక్కలుగా కుదిస్తుంది గనుక ఫైలు మొదట, చివర కొంత ఖాళీ చేరుతుంది. ఇక సీడీ మీద ధ్వనిని రాసే చిన్న ముక్క అయిన సెక్టారులో 588 శాంపిళ్లు పడతాయి. ట్రాక్ నిడివి ఆ లెక్కకు సరిపోనప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్‌లు మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపుతాయి. కచేరీ మొత్తాన్ని కుదింపు లేని ఫైళ్ల నుంచి ఒకే వేవ్‌గా అతికి, ట్రాక్‌లు ఎక్కడ మొదలవుతాయో క్యూ షీట్ అనే చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి బర్న్ చేస్తే ఈ రెండు చిక్కులూ పోతాయి.

సమస్య: గొంతు పెద్దదైన చోట చిటపటలు వస్తున్నాయి.

కుదించిన ఫైలును విప్పినప్పుడు గానీ, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ఫైలును సీడీ స్థాయికి దించినప్పుడు గానీ, శిఖరాలు (ధ్వని అత్యధికంగా ఉన్న చోట్లు) గరిష్ఠ పరిమితిని దాటి తెగిపోవచ్చు. పరిమితిని దాటిన శిఖరాలనూ తెగనివ్వని 32 బిట్ ఫ్లోట్ రూపంలో తెరిచి, ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించి, 44,100కు మార్చి, అన్నిటికన్నా చివర ఒక్కసారే డిథర్‌తో (బిట్లు తగ్గించినప్పుడు వచ్చే వికృతిని కప్పే అతి సన్నని రొదతో) 16 బిట్లకు తేవాలి. ఆల్బమ్‌లో ట్రాక్‌లన్నిటినీ సమానంగా తగ్గించాలి. ఒక్కొక్కదాన్ని విడివిడిగా నార్మలైజ్ చేస్తే (గరిష్ఠ స్థాయి వరకు పెంచితే) మెల్లగా పాడిన పాట కూడా కేకవేసినట్లు ఉంటుంది.

సమస్య: పాత కారు ప్లేయర్ డిస్కును చదవడం లేదు.

పాటలను ఫైళ్లుగానే ఉంచే డేటా డిస్కుగా రాసి ఉండవచ్చు, రాయడం ముగించి డిస్కును మూసే ఫైనలైజ్ చేయకపోయి ఉండవచ్చు, లేదా కాంతిని తక్కువగా పరావర్తనం చేసే, చెరిపి మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ వాడి ఉండవచ్చు. ఒక్కసారే రాయగల మామూలు సీడీ-ఆర్ మీద, ఆడియో సీడీ ఎంపికతో మళ్లీ రాయాలి.

దింపుకున్న అసలు ఫైళ్లను మాత్రం చెరపకూడదు. ఎంపీ3 నుంచి చేసిన సీడీని తిరిగి ఎంపీ3గా తీస్తే రెండోసారి కుదింపు తప్పదు. సీడీ ఒక్కటే మిగిలితే దాన్ని ఫ్లాక్‌గా తీసి దాచుకోవాలి.