స్నానం చేయించిన రెండో రోజుకే బొచ్చు ఉండలు కడుతోందా?

బొచ్చు కుక్కను పెంచేవాళ్ళ ఫిర్యాదు ఎక్కువగా ఇలాగే ఉంటుంది: "రోజూ దువ్వుతున్నాం, వారం వారం స్నానం చేయిస్తున్నాం. అయినా చిక్కులు పడుతున్నాయి, ఒకటే గోక్కుంటోంది, తెల్లటి పొట్టు రాలుతోంది." ఆ తర్వాత షాంపూ మారుస్తారు, తిండి మారుస్తారు, ఎవరో చెప్పిన నూనె రాస్తారు, ఆఖరికి గుండు కొట్టిస్తారు. వీటన్నిటికంటే ముందు చూడాల్సిన చిన్న పని ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ చూడరు.

ముందు దువ్వెన పెట్టి చూడండి

స్టీలు దువ్వెన తీసుకుని చెవుల వెనక, ముందుకాళ్ళ చంకల్లో, మెడపట్టీ కింద, తొడల వెనక చర్మం దాకా దించి బయటికి లాగండి. ఎక్కడా ఆగకుండా వస్తే మీ దువ్వడం బాగున్నట్టే. మధ్యలో ఆగిందంటే మీరు ఇన్నాళ్ళూ పైబొచ్చునే దువ్వుతున్నారు, లోపలి మెత్తటి బొచ్చు అలాగే ముద్దకట్టి ఉంది. బ్రష్ పైపైన ఎంత తిప్పినా అక్కడికి చేరదు. ఒక చేత్తో బొచ్చును పైకెత్తి పట్టుకుని, కింది నుంచి వరుస వరుసగా కొంచెం కొంచెం వదులుతూ దువ్వాలి. ఉండ కనబడితే దాని మొదలును వేళ్ళతో గట్టిగా పట్టుకోండి, అప్పుడు చర్మం లాగదు. కొంచెం కార్న్‌ఫ్లోర్ చల్లి, చివర్ల నుంచి మొదలు వైపు విడదీస్తూ రండి. కత్తెర జోలికి పోవద్దు. ఉండతో పాటు చర్మం కూడా పైకి లేచి ఉంటుంది, అది కంటికి కనబడదు, కత్తెరకు తెగుతుంది.

చిక్కు తీయకుండా స్నానం చేయించకండి. తడిసి ఆరిన ఉండ ఇంకా బిగుసుకుంటుంది.

దువ్వెన బాగానే దిగుతోంది, అయినా బొచ్చు జిడ్డుగా ఉంది

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. చర్మం మీద పుండు ఉండదు, పిడుదులు ఉండవు, దువ్వడంలో లోపం ఉండదు. స్నానం చేయించిన రోజు బాగానే ఉంటుంది. మర్నాటికి బొచ్చు అట్టకట్టి, మెరుపు పోయి, వేలితో రుద్దితే తెల్లటి పొడి వస్తుంది. చూసినవాళ్ళు చుండ్రు అంటారు, ఫంగస్ అంటారు. చాలాసార్లు అసలు కారణం మీ బోరు నీళ్ళు, వాటితో వాడే సబ్బు.

అనంతపురం, కడప వైపు చాలా బోర్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీళ్ళలో కందిపప్పు ఉడకదు, బకెట్టుకు, కుళాయికి తెల్లటి పొర పడుతుంది, తలస్నానం చేస్తే మన జుట్టే అట్టకడుతుంది. సబ్బు ఆ లవణాలతో కలిసినప్పుడు నీళ్ళలో కరగని తెల్లటి మడ్డి తయారవుతుంది. మన ఒంటి మీద అది జారిపోతుంది. కుక్క లోబొచ్చు దట్టంగా ఉంటుంది కాబట్టి దాంట్లో ఇరుక్కుపోతుంది. ఎన్ని చెంబులు పోసినా, పోసేది అదే నీళ్ళు కదా, ఎలా వదులుతుంది? ప్రతి స్నానానికీ ఇంకొంచెం పేరుకుంటుంది. దాని మీద మన ఎర్రదుమ్ము పడితే వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని చిక్కు మొదలవుతుంది, చర్మం దురద పెడుతుంది. "మురికిగా ఉంది" అని ఇంకోసారి సబ్బు పెడతారు. కర్నూల్లో తుంగభద్ర నీళ్ళు కుళాయికి వచ్చే ఇళ్ళలో ఈ బాధ బాగా తక్కువ.

అనుమానం తీర్చుకోవడం కష్టం కాదు. ఒక ఖాళీ బాటిల్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో మినరల్ వాటర్ క్యాన్ నీళ్ళు పోసి, రెండింట్లోనూ మామూలు ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా ఊపండి. క్యాన్ నీళ్ళు నురగ కడతాయి. బోరు నీళ్ళు నురగ లేకుండా పాలలా తెల్లబడితే విషయం తేలిపోయింది. రెండోది, కుక్క తొడ దగ్గర బొచ్చును క్యాన్ నీళ్ళతోనే తడిపి, ఏమీ రాయకుండా వేళ్ళతో నలిపి పిండండి. అనంతపురంలో ఒకావిడ తెల్ల పొమేరియన్‌ను తెచ్చారు, "చర్మం డాక్టరు మందులు రెండు కోర్సులు అయిపోయాయన్నా, తగ్గలేదు" అని. వాళ్ళ ముందే పిండాను. దాని బొచ్చులోంచి కడుగునీళ్ళలాంటి తెల్లటి నీళ్ళు కారాయి, వేళ్ళకు మైనంలా జిగురు అంటింది.

సరిచేసే పద్ధతి ఇది. బిళ్ళ సబ్బు పూర్తిగా మానండి. పిడుదుల సబ్బు, పిల్లల సబ్బు, బట్టల సబ్బు, అన్నీ. కుక్కల కోసం చేసిన షాంపూను మగ్గులో నీళ్ళు కలిపి పలచగా చేసి పోయండి. మొదటి కడుగు బోరు నీళ్ళతో కానివ్వండి, ఆఖరి కడుగు మాత్రం క్యాన్ నీళ్ళతోనో పట్టిపెట్టుకున్న వాన నీళ్ళతోనో చర్మం దాకా వేళ్ళు పెట్టి చేయండి. పొమేరియన్, షిట్జు లాంటి చిన్న కుక్కలకు సగం క్యాన్ చాలు. పాత మడ్డి ఒక్కసారికి వదలదు, రెండు మూడు స్నానాలు పడుతుంది. నీళ్ళు కాచి చల్లార్చితే సరిపోతుందని కొందరు అంటారు. కాస్తే ఆ లవణాలు కొంత తగ్గుతాయి, మిగతావి అలాగే ఉంటాయి.

ఆరాక వాసన, ఒకేచోట నాకడం

ఇలా ఉంటే బొచ్చు పైన ఆరి, లోపల తడి ఉండిపోయిందన్నమాట. తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. తర్వాత డ్రయ్యర్‌ను చల్లగాలిలో పెట్టి, బొచ్చు విడదీస్తూ ఆరబెట్టండి. ఎండలో కట్టేస్తే ఆరుతుందిలే అనుకోవద్దు. మే నెల ఎండకు గచ్చు మీద పాదాలు కాలతాయి, లోబొచ్చు మాత్రం తడిగానే ఉంటుంది.

ఎండాకాలం గుండు

పొమేరియన్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి రెండు పొరల బొచ్చు కుక్కలకు మెషిన్‌తో గుండు చేయించకండి. కొన్నిటికి బొచ్చు మళ్ళీ సరిగా రాదు, చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది. లోబొచ్చు బాగా దువ్వి తీస్తే గాలి ఆడుతుంది, అది చాలు. షిట్జు, లాసాలకు పొట్టిగా కత్తిరించుకోవచ్చు.

మిగతావి

చేలగట్ల మీద తిప్పితే ఇంటికి రాగానే ఉత్తరేణి గింజలు, పల్లేరుకాయలు వేళ్ళ సందుల్లో, చెవుల్లో చూడండి. కొబ్బరినూనె దుమ్మును పట్టుకుంటుంది, మానండి. థైరాయిడ్, హార్మోన్ల సంగతి వీటికంటే తక్కువ. నడుముకు రెండు వైపులా సమానంగా బొచ్చు పోతే అప్పుడు ఆలోచించండి.

చర్మం ఎర్రగా తడిగా అయినా, గుండ్రటి మచ్చలు లేచినా, పిడుదులతో పాటు జ్వరం, తిండి మానడం కనిపించినా పసుపు, నూనె రాస్తూ కూర్చోకండి. ఊళ్ళో పశువుల ఆసుపత్రి ఉంది, కడప జిల్లావాళ్ళకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. వెళ్ళేముందు స్నానం చేయించకండి, డాక్టరు చూడాల్సినవి కడుక్కుపోతాయి.