కోడ్‌ఇగ్నైటర్‌లో సొంత లైబ్రరీ: ఫైల్ పేరు చూసుకోండి

తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్‌కు సైట్లు చేసే తమ్ముళ్లూ, గది అద్దె లెక్కను ప్రతి కంట్రోలర్‌లోనూ (పేజీ రిక్వెస్టులను అందుకునే క్లాస్) కాపీ పేస్ట్ చేయకండి. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అయిన కోడ్‌ఇగ్నైటర్ 3లో అయితే అప్లికేషన్ ఫోల్డర్‌లోని లైబ్రరీస్‌లో ఒక క్లాస్‌గా రాసిపెట్టుకుంటే, ఎక్కడ కావాలంటే అక్కడ లోడ్ చేసుకోవచ్చు.

ఫైల్ పేరు, క్లాస్ పేరు ఒకటే ఉండాలి, మొదటి అక్షరం క్యాపిటల్ లెటర్. చిన్న అక్షరంతో పెట్టినా మన విండోస్ ల్యాప్‌టాప్‌లో నడిచిపోతుంది. లినక్స్ సర్వర్‌కు ఎక్కించగానే ‘అన్‌ఏబుల్ టు లోడ్ ద రిక్వెస్టెడ్ క్లాస్’ (అడిగిన క్లాస్ లోడ్ కాలేదు) అని ఆగిపోతుంది. వైకుంఠ ఏకాదశి బుకింగుల వేళ ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇంకోటి, లైబ్రరీలో కంట్రోలర్‌లోలా నేరుగా ‘దిస్’ ($this) అంటే డేటాబేస్ అందదు. గెట్_ఇన్‌స్టెన్స్ ఫంక్షన్‌ను పిలిచి, వచ్చిన ఆబ్జెక్ట్‌ను ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, దాని ద్వారానే డేటాబేస్, సెషన్ వాడండి. లైబ్రరీని లోడ్ చేసేటప్పుడే సీజన్ రేట్లను రెండో ఆర్గ్యుమెంట్‌గా అర్రేలో పంపితే, కన్‌స్ట్రక్టర్‌కు (క్లాస్ మొదలవగానే నడిచే ఫంక్షన్) అందుతాయి.