రీమ్యాప్‌కి ముందు మీ ఈసీయూ ఏం నేర్చుకుందో చూడండి

కారుకి కొత్త సైలెన్సర్ వేయించి, ఇంకాస్త పికప్ కోసం రీమ్యాప్‌కి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్పించడానికి, ఇద్దామనుకుంటున్నారా? ల్యాప్‌టాప్ తగిలించే ముందు ఒక గంట స్కానర్ (ఆ కంప్యూటర్‌లోని అంకెలు చూపించే పరికరం) పెట్టి చూడండి. చాలామంది ఈ పని చేయకుండా, ఇంజిన్‌లో ఉన్న జబ్బు మీదే ట్యూనింగ్ చేయించుకుంటున్నారు. నాకు బాధ కలిగించే సంగతి ఇదే.

ఈసీయూ అంటే ఆ ఇంజిన్ కంప్యూటరే. అది తన మ్యాప్‌లో, అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు కొట్టాలో చెప్పే పట్టికలో, ఉన్న లెక్క ప్రకారం పెట్రోలు కొట్టి ఊరుకోదు. ఎగ్జాస్ట్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ చెప్పేదాన్ని బట్టి సరిచేసుకుంటూ పోతుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి దాని గురి. మామూలు సెన్సార్ వోల్టేజీ 0.45 కంటే పైకి పోతే పెట్రోలు ఎక్కువైందని, కిందికి వస్తే గాలి ఎక్కువైందని అర్థం. అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్. అదే సవరణ మళ్లీ మళ్లీ కావాల్సి వస్తే లాంగ్ టర్మ్ ట్రిమ్‌గా దాచుకుంటుంది. బండి ఆపినా అది పోదు.

అందుకే ముందుగా మెమరీ చెరిపేయకండి. అది చెరిపితే సాక్ష్యం పోయినట్టే. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి ట్రిమ్‌లు చూసి, స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. రెండు ట్రిమ్‌లూ కలిపి ప్లస్ 10 శాతానికీ మైనస్ 10 శాతానికీ మధ్యలో ఉంటే సాధారణంగా ఫర్వాలేదు. ప్లస్ అంటే ఈసీయూ పెట్రోలు పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది.

ఆమధ్య నా దగ్గరికి ఒక పెట్రోల్ కారు వచ్చింది. ఐడ్లింగ్‌లో ప్లస్ 18. రేస్ ఇస్తే ప్లస్ 4కి దిగింది. గాలిని కొలిచే సెన్సార్ దాటాక ఎక్కడో దొంగగాలి లోపలికి వస్తే ఇలాగే ఉంటుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి ఆ కాస్తా పెద్దగా కనిపిస్తుంది. రబ్బరు హోస్‌ని వేళ్లతో వంచి చూస్తే, క్లిప్ కింద మడతలో చిన్న పగులు. హోస్ మార్చాక లెక్క కుదుటపడింది. ఆ పగులుతోనే రీమ్యాప్ చేసి ఉంటే, రేపు ఎవరో హోస్ మార్చిన రోజున గాలి-పెట్రోలు మిక్చర్ మొత్తం తప్పేది. దీనికి రివర్స్‌గా, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ పంపునో, ఫిల్టర్‌నో, దుమ్ము పట్టిన ఎయిర్ సెన్సార్‌నో అనుమానించండి.

కొత్త సైలెన్సర్ వేసినవాళ్లు సెన్సార్‌కి ముందున్న జాయింట్లు చూసుకోవాలి. అక్కడ లీకైతే బయటి గాలి లోపలికి చేరి, మిక్చర్ పలచబడిందని సెన్సార్ పొరబడుతుంది. ఈసీయూ దాన్ని నమ్మి అనవసరంగా పెట్రోలు పోస్తుంది.

అసలు ప్రమాదం ఫుల్ థ్రాటిల్‌లో ఉంది. మామూలు సెన్సార్ ఉన్న బండి అప్పుడు సెన్సార్ మాట వినడం మానేసి మ్యాప్ మీదే నడుస్తుంది. కొన్ని ఈసీయూలు నేర్చుకున్న లాంగ్ టర్మ్ సవరణని అక్కడికీ మోసుకెళ్తాయి. సెన్సార్ పాడై, ఉన్నదానికంటే పెట్రోలు ఎక్కువ ఉందని తప్పుగా చెబుతుంటే, ఈసీయూ తగ్గించుకుంటూ పోతుంది. లోడ్‌లో ఉన్నప్పుడు మిక్చర్ పలచబడితే నాకింగ్ (మిక్చర్ తనంతట తానే అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడం) వస్తుంది, పిస్టన్ కరిగే దాకా పోవచ్చు. మిక్చర్ ఎంతుందో కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టకుండా ఫుల్ థ్రాటిల్ ట్యూనింగ్ చేస్తానన్న చోట బండి ఇవ్వకండి.

పెట్రోలు సంగతి కూడా మర్చిపోవద్దు. ఇథనాల్ ఒక పాలుకి 9 పాళ్ల గాలి చాలు. అందుకే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోసినప్పుడు గురి సుమారు 13.5కి దిగుతుంది. రోజూ ఏ పెట్రోలు పోస్తారో దానితోనే ట్యాంకు నింపి ట్యూనింగ్‌కి వెళ్లండి.

పని అయ్యాక పాత ట్రిమ్‌లు చెరిపించండి. రీమ్యాప్‌కి ముందున్న ఒరిజినల్ ఫైల్ కాపీ అడిగి తీసుకోండి. వారంటీ ఉన్న బండైతే అది పోవచ్చని తెలిసే దిగండి. తర్వాత కొన్ని రోజులు ట్రాఫిక్‌లో, హైవే మీద మామూలుగా నడపండి; ఈసీయూ కొత్తగా నేర్చుకోవాలి కదా. మొదటి రోజే ఐడ్లింగ్ కాస్త అటూ ఇటూ అయితే టెన్షన్ పడకండి. ఆ తర్వాత మళ్లీ ఐడ్లింగ్‌లో, 2500 దగ్గర ఫొటో తీసి, పాతవాటి పక్కన పెట్టి మీ ట్యూనర్‌కి చూపించండి. అంకెలు ముందుకంటే సున్నాకి దూరంగా పోతే బండి మళ్లీ వర్క్‌షాప్‌లో పెట్టించండి.