ముగ్గులో లెక్క – మూడో పాఠం: ఆ నలుపుని అప్పుడే నమ్మకండి

పోయిన పాఠంలో మాండెల్‌బ్రాట్ బొమ్మని, అంటే ఒకే లెక్కని పదేపదే తిప్పితే వచ్చే ముగ్గుని, తెర మీదికి తెచ్చుకున్నాం. నల్లటి పొట్ట, ఎడమ పక్కన గుండ్రటి తల, చుట్టూ రంగులు. మొన్న ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. ఇంటర్ రెండో ఏడు. సత్యనారాయణపురంలో మా ఇంటికి టిఫిన్ కోసమే వస్తాడని నా అనుమానం. పొట్టకి కుడివైపు లోపలికి నొక్కుకుపోయిన గంటు ఉంది చూడండి, దాంట్లోకి జూమ్ చేసుకుంటూ పోయాడు. కాసేపటికి తెరంతా నలుపు.

"మావయ్యా, ఇక్కడితో అయిపోయింది. ఇంకేం లేదు."

ఉంది. కంప్యూటరే ఓపిక పట్టలేక వదిలేసింది.

పాత పాఠం ఒకసారి గుర్తుచేసుకోండి. బొమ్మలో ప్రతి చుక్కకీ ఒక విలువ ఉంటుంది. 0తో మొదలుపెడతాం. ఉన్నదాన్ని దానితోనే గుణించి, చుక్క విలువ కలుపుతాం. వచ్చినదాన్ని మళ్లీ అలాగే. ఒక్కసారి చేస్తే ఒక చుట్టు. 2 దాటిందా, ఇక వెనక్కి రాదు. ఎన్నో చుట్టులో దాటిందో చూసి రంగు వేస్తాం. ఎప్పటికీ దాటని చుక్కకి నలుపు.

చిక్కంతా ఆ 'ఎప్పటికీ' దగ్గరే. కంప్యూటర్ ఎప్పటికీ చూస్తూ కూర్చోలేదుగా. మనమిచ్చిన హద్దు దాకా, 100 చుట్లో 200 చుట్లో తిప్పి, అప్పటికీ దాటకపోతే నలుపు పూసేస్తుంది. నెహ్రూ బస్‌స్టాండ్‌లో రాత్రి పదింటి దాకా చూసి, ఇక రాడులే అని మనం ఇంటికొచ్చేశాక, పదింపావుకి చుట్టం బస్సు దిగి ఫోన్ చేసినట్టు.

దీన్ని చేత్తో చేసి చూస్తేనే ఒంటబడుతుంది. ఫోన్‌లో ఎక్సెల్ ఉన్నా చాలు. పై గడిలో 0 వేయండి. దాని కింది గడిలో, పై గడిని దానితోనే గుణించి 0.26 కలిపేలా సూత్రం రాసి, నలభై గడుల కిందికి లాగండి. మొదట్లో చకచకా పెరుగుతుంది: 0.26, 0.3276, 0.3673. తర్వాత నీరసం. పదకొండో చుట్టుకి 0.4929, పన్నెండుకి 0.5030, పదమూడుకి 0.5130. అడుగుకి 0.01 చొప్పున పాకుతోంది. ఇరవైకి కూడా 0.6022 దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత ఏం పూనుతుందో గానీ 27కి 1.0167, 29కి 1.9336, 30కి 3.9989. కట్టు తెంచుకుంది.

సగం దగ్గర ఎందుకు ఇరుక్కుంది? చుక్క విలువ సరిగ్గా 0.25 (గంటు మొన అదే) అయితే 0.5 అనేది కదలని చోటు: 0.5ని 0.5తో గుణిస్తే 0.25, దానికి 0.25 కలిపితే మళ్లీ 0.5. మనది 0.26 కాబట్టి అక్కడ 0.01 మేర సందు మిగిలింది. వారధి మీద లారీ ఆగిపోతే పక్కనున్న సందులోంచి ఒక్కో బండీ పోయినట్టు, ఆ సందులోంచే జారాలి. సందు ఎంత ఇరుకైతే అన్ని చుట్లు. 0.2501 పెట్టి చూడండి, 312 చుట్లు పడుతుంది. 0.250001కి 3140.

ఆ అంకెల వంక ఒకసారి తేరిపార చూడండి. 30, 312, 3140. సందు వెడల్పుకి వర్గమూలం తీసి చుట్లతో గుణిస్తే 3.0, 3.12, 3.140. వృత్తం ఊసే లేని చోట పై (π) ప్రత్యక్షం! బొమ్మ చుట్లు లెక్కపెడుతూ ఇలాంటిది మొదట గమనించినవాడు డేవిడ్ బోల్, 1991లో. నేను మొదటిసారి చేసినప్పుడు సూత్రంలో ఏదో తప్పు రాశాననుకుని గడులన్నీ చెరిపి మళ్లీ వేశాను.

ఇప్పుడు మావాడి నలుపు సంగతి. హద్దు 100 అని ఉంటే గంటు మొన నుంచి కుడివైపు, అడ్డగీత మీద 0.2509 దాకా అన్నీ నల్లగానే కనిపిస్తాయి, అవన్నీ దాటిపోయే చుక్కలే అయినా. వాడు జూమ్ చేసిన చోటు అంతకంటే సన్నం, అందుకే తెరంతా నలుపు. బొమ్మలోకి జూమ్ చేయడానికి ఎక్సావోస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే (పేరుని కేయాస్ అనే పలకాలి) క్యాల్క్యులేషన్ మెనూలో ఇటరేషన్స్ అని ఉంటుంది, హద్దు అదే. 5000 చేశాం. నలుపు పక్కకి తప్పుకుని, వరసగా తొండాలు చుట్టుకున్న ఏనుగులు బయటపడ్డాయి. ఈ గంటుని ఏనుగుల లోయ అనడం ఊరికే కాదు. మావాడు ఇడ్లీ చల్లారిపోయినా చూసుకోలేదు.

ఎంత హద్దు పెట్టాలనడానికి పుస్తకం లెక్క లేదు. నా పద్ధతి ఇది: రెట్టింపు చేసి చూడండి. నలుపు అంచు కదిలితే మళ్లీ రెట్టింపు. కదలకపోతే అక్కడికి చాలు. లోపలికి పోయేకొద్దీ మళ్లీ పెంచాల్సి వస్తుంది.

మరి మొదటే లక్ష పెట్టేస్తే పోలేదా? పోదు. రంగు చుక్కని అది 2 దాటగానే కంప్యూటర్ వదిలేస్తుంది, నల్ల చుక్క మాత్రం హద్దంతా తినేస్తుంది. 1920 అడ్డం, 1080 నిలువు బొమ్మలో 20,73,600 చుక్కలు. సగం నలుపై, హద్దు 10,000 అయితే ఒక్క నలుపుకే వెయ్యి కోట్ల పైన చుట్లు. కిందటి మే నెలలో నేను లక్ష పెట్టి, పెద్ద బొమ్మకి కంప్యూటర్‌ని వదిలేసి పడుకున్నాను. తెల్లారుజామున కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ రెండేళ్ల కిందే చచ్చింది, మార్చలేదు. పొద్దున లేచి చూస్తే బొమ్మా లేదు, గదిలో వేడి మాత్రం ఉంది.

ఇంటిపని. తలకీ పొట్టకీ మధ్య మెడ దగ్గర సముద్రగుర్రాల లోయ ఉంది. అక్కడి చుక్క విలువలో రెండు భాగాలు: అడ్డం −0.75, నిలువు 0.1. అందుకే పక్కపక్కన రెండు వరసలు (కాలమ్‌లు) కావాలి, అడ్డానికొకటి, నిలువుకొకటి, రెంటికీ పైన 0. ఇంటర్‌లో చదివిన సంకీర్ణ సంఖ్యలే. అడ్డం వరసలో: అడ్డం వర్గంలోంచి నిలువు వర్గం తీసేసి, 0.75 కూడా తీసేయండి. నిలువు వరసలో: అడ్డాన్ని నిలువుతో గుణించి, రెట్టింపు చేసి, 0.1 కలపండి. రెండు సూత్రాలూ పై గడులనే చూడాలి, పక్క గడిని కాదు. రెండు వర్గాల మొత్తం 4 (అంటే 2 వర్గం) దాటితే పారిపోయినట్టు.

33వ చుట్టులో దాటాలి. 34 వచ్చిందంటే పై గడిలో ఉన్న 0ని కూడా ఒక చుట్టుగా లెక్కపెట్టి ఉంటారు.