అల్యూమినియం బోటు అడుగున మసక, చారలు, తెల్ల మచ్చలు: ఏది ఎందుకు వస్తుంది, ఏం చేయాలి

పాలిష్ డబ్బా మూత తీసేముందు, బోటు ట్రైలర్ మీద ఉండగానే నేల మీద వెల్లకిలా పడుకుని, టార్చి వేసి అడుగంతా ఒకసారి చూడండి. ఐదు నిమిషాల పని. ఇది వదిలేసి, నిలబడితే కనిపించే పక్కలను వారాంతమంతా తోమి అద్దంలా చేసుకుని, తర్వాత అడుగున నీళ్లు ఎందుకు కారుతున్నాయని అడిగేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ చెప్పేదంతా డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, లవాన్, రే హబ్బర్డ్ లాంటి జలాశయాలకు మనవాళ్లు చేపల వేటకు తీసుకెళ్లే చిన్న బోట్ల గురించి: 14 నుంచి 18 అడుగుల జాన్ బోట్లు (చదును అడుగున్న చిన్న బోట్లు), ఇంకా పాంటూన్లు (గొట్టాల మీద తేలే బోట్లు). రంగు వేయని అడుగు. రేకు సాధారణంగా 5052 రకం, మందం 1.6 నుంచి 2.5 మిల్లీమీటర్లు. రేకు ఎంత పల్చనో గుర్తుంటే ఏ మచ్చకు భయపడాలో, దేన్ని వదిలేయాలో తేలిగ్గా తెలుస్తుంది.

లక్షణం: అడుగంతా ఒకే తీరుగా బూడిద రంగు మసక

ఇది జబ్బు కాదు. గాలి తగిలిన అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర దానంతట అదే కడుతుంది, రేకును కాపాడేది ఆ పొరే. తడి గుడ్డతో రుద్ది వేలితో తడిమి చూడండి. నున్నగా ఉంటే ఏమీ చేయకపోయినా బోటుకు నష్టం లేదు. గరుకుగా తగిలి, తెల్లటి పొడి వేలికి అంటితే ఈ భాగం వదిలేసి, కింద బంకుల సంగతి చూడండి. బంకులంటే ట్రైలర్ మీద బోటు ఆనుకుని కూర్చునే చెక్కలు.

మెరుపు కావాలనుకుంటే ముందు మామూలు కారు షాంపూతో కడగండి. తర్వాత ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న అల్యూమినియం క్లీనర్‌ను డబ్బా మీద రాసినంత నీళ్లు కలిపి, కింది నుంచి పైకి పట్టించండి. పై నుంచి మొదలుపెడితే పొడి రేకు మీద జారిన చుక్కలు తెల్ల చారలుగా మిగిలిపోతాయి. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే చేయాలి. ఒకేసారి మూడు నాలుగు అడుగుల మేర పట్టించి, ఆరకముందే కడిగేయాలి. చారలు ఇప్పటికే పడి ఉంటే అదే క్లీనర్‌ను ఇంకాస్త పల్చగా కలిపి, ఆ పలక మొత్తానికి సమంగా మళ్లీ పట్టించి కడగండి. చార ఒక్కదాన్నే రుద్దితే ఇంకో చార పుడుతుంది.

బాత్రూమ్ కడిగే యాసిడ్, అంటే మ్యూరియాటిక్ యాసిడ్, బోటు దరిదాపులకు రానివ్వకండి. అది ఆక్సైడ్ పొరను తినేసి, వెనక క్లోరైడ్ మిగిల్చి గుంతలకు దారి వేస్తుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉన్న క్లీనర్లు చిటికెలో తెల్లగా చేస్తాయి కానీ ఒంటికి తగిలితే వెంటనే మంట కూడా తెలియకుండా లోపలికి దిగి ఎముక దాకా పోతాయి. వాటితో పని పెట్టుకోకండి.

పాలిష్‌కు ఉన్ని ప్యాడ్, రోటరీ మెషిన్, నిమిషానికి 1500 తిప్పుల చుట్టూ వేగం చాలు. గీతలు ఉన్న చోట మాత్రమే 400, 600, 800 నంబరు గరుకు కాగితం వరుసగా తడి పెట్టి రుద్దండి. బ్రౌన్ పాలిష్ కాంపౌండ్‌తో మొదలుపెట్టి, ప్యాడ్ మార్చి మెత్తటి కాంపౌండ్‌తో ముగించండి. గుడ్డకు నల్లగా అంటుతూనే ఉందని ఆందోళన వద్దు. అది మురికి కాదు, రేకు నుంచి వచ్చే అల్యూమినియమే. గుడ్డ తెల్లగా వచ్చేదాకా రుద్దుదామనుకుంటే ఎప్పటికీ రాదు. చివర మొక్కజొన్న పిండి చల్లి పొడి గుడ్డతో తుడిస్తే ఆ నల్లటి జిడ్డు పిండితో పాటు వచ్చేస్తుంది.

స్టీల్ పీచు, ఇనప బ్రష్ మాత్రం ఎక్కడా వాడొద్దు. రేకులో ఇరుక్కున్న ఇనప ముక్క తుప్పు పట్టి, దాని చుట్టూ గుంత చేస్తుంది. నైలాన్ బ్రష్ వాడండి, లేదా అంతకుముందు ఇనుము మీద వాడని స్టెయిన్‌లెస్ బ్రష్.

లక్షణం: నీటి గీత దగ్గర తెల్లటి లేదా గోధుమరంగు చార

సున్నం, నాచు. సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి గుడ్డ తడిపి పది నిమిషాలు అతికించి ఉంచండి. నైలాన్ బ్రష్‌తో తోమి కడిగేయండి. మొండిగా ఉంటే ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న హల్ క్లీనర్ సరిపోతుంది. బోట్లకు అంటుకుని చెరువు నుంచి చెరువుకు పాకే జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పల భయంతో అడుగును బ్లీచ్‌తో కడిగేవాళ్లున్నారు. టెక్సోమా చెరువులో 2009లో అవి బయటపడ్డప్పటి నుంచి ఆ భయం న్యాయమైనదే. కానీ బ్లీచ్ రేకును తింటుంది. 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లు కొట్టండి, అడుగు ప్లగ్గు తీసి లోపలి నీళ్లన్నీ వదిలేయండి, పూర్తిగా ఆరనివ్వండి.

లక్షణం: పాలిష్ చేసిన కొద్ది వారాలకే మెరుపు పోయి మచ్చలు

కారణం దాదాపు ఎప్పుడూ కడిగే సబ్బే. ఆక్సైడ్ పొర పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 4 నుంచి 8.5 వరకే నిలుస్తుంది. ఊదారంగు డీగ్రీజర్లలో చాలావాటిలో కాస్టిక్ ఉంటుంది, అది ఆ హద్దు దాటిన ఘాటు క్షారం. లారీలు కడిగే సబ్బులూ అంతే. డిష్‌వాషర్‌లో వేసిన సత్తు గిన్నె నల్లబడటం చూసే ఉంటారు, బోటుకు జరిగేదీ అదే. పీహెచ్ న్యూట్రల్ షాంపూకి మారండి.

పాలిష్ అయిన రేకుకు మైనం నెల కూడా ఆగదు. అల్యూమినియం కోసమే తయారైన పారదర్శక ప్రొటెక్టెంట్, షార్క్‌హైడ్ లాంటిది, నూలు పోగులు రాలని గుడ్డతో రెండు పల్చటి పూతలు వేయండి. దానికి ముందు రేకును అసిటోన్‌తో తుడిచి, జిడ్డు వేలిముద్ర కూడా లేకుండా చూసుకోవాలి. ముద్ర ఉంటే పూత కింద అలాగే ఉండిపోతుంది.

లక్షణం: అడుగున వరసగా తెల్ల పొడి, దాని కింద గుంతలు

బోట్లను నిజంగా చంపేది ఇదే. పాలిష్ చేస్తే పోయినట్టే పోయి, మళ్లీ అదే చోట తేలుతుంది.

ముందు మచ్చల ఆకారం చూడండి. బోటు పొడవునా, మూడున్నర అంగుళాల వెడల్పున, రెండు పట్టీలుగా ఉన్నాయా? బంకు చెక్క ఆగిన చోటే మచ్చలూ ఆగిపోయాయా? అయితే తప్పు నీళ్లది కాదు, సబ్బుది కాదు. బోటు ఆనుకుని కూర్చున్న ఆ చెక్కలది.

దుకాణంలో దొరికే ట్రీటెడ్ చెక్క చెదలు పట్టకుండా రాగి లవణాలు పట్టించినది. అమెరికాలో 2003 చివరి దాకా ఇళ్ల చెక్కకు ఆర్సెనిక్ కలిసిన సీసీఏ రకం వాడేవారు. దాని తర్వాత ఏసీక్యూ, కాపర్ అజోల్ రకాలు వచ్చాయి. వాటిలో రాగి ఎక్కువ, ఆ రాగిని చెక్కలో కట్టి ఉంచే క్రోమియం లేదు. అందుకే పాత బంకుల మీద ఏళ్ల తరబడి బాగున్న బోటుకు, కుళ్లిన బంకులు తీసి కొత్త ట్రీటెడ్ చెక్క బిగించాక మచ్చలు మొదలవుతాయి. యజమాని దృష్టిలో ఆయన చేసింది మంచి రిపేరు, కాబట్టి అనుమానం అటు పోనే పోదు.

మధ్యలో బంకుకు చుట్టిన కార్పెట్ ఉంది కదా, చెక్క రేకుకు తగలదు కదా అంటారు. ఇబ్బంది కార్పెట్‌తోనే. బోటును నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర మునిగిన కార్పెట్ రోజుల తరబడి తడిగా ఉంటుంది. చెక్కలోని రాగి ఆ నీటిలోకి ఊరి, అల్యూమినియం తగలగానే కంటికి కనపడని చుక్కలుగా దాని మీద పేరుకుంటుంది. ఒక్కో రాగి చుక్క చుట్టూ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది, అందులో కరిగేది అల్యూమినియం. పైగా కార్పెట్ కింద గాలి ఆడదు, పొర మళ్లీ కట్టుకోవడానికి ఆక్సిజన్ అందదు. ట్రీటెడ్ కాని చెక్క మీద కూడా ఈ రెండో ఇబ్బంది ఉంటుంది కానీ నెమ్మదిగా. రాగి తోడైతే 1.6 మిల్లీమీటర్ల రేకు ఎక్కువ కాలం ఆగదు.

నిర్ధారించుకోవడం సులువు. చెక్క చివర కోసిన ముఖం చూడండి: ఆకుపచ్చ ఛాయ ఉంటే, లేదా కొసన కొట్టిన ప్లాస్టిక్ చీటీ మీద ఏసీక్యూ, సీఏ, ఎంసీఏ అని ఉంటే అది ట్రీటెడ్ చెక్కే. బోటు మూడు రోజులు ఎండలో నిలబడ్డాక కార్పెట్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కండి. తడి తగిలితే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు.

బంకులు ఒక్కొక్కటిగానే మార్చాలి. నేల సమంగా ఉన్న చోట చక్రాలకు అడ్డు పెట్టి, ట్రైలర్ ముక్కు కింద దిమ్మ పెట్టండి. బ్రాకెట్ల ఎత్తు మార్కర్‌తో గీసుకోండి, లేకపోతే బోటు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. ఫ్లోర్ జాక్ మీద రెండడుగుల పొడవున్న మందపాటి పలక వేసి, కీల్ (అడుగు మధ్యలో పొడవునా ఉండే దూలం) కింద గానీ, లోపల అడ్డపట్టీ ఉన్న చోట గానీ ఎత్తండి. పట్టీల మధ్య ఉత్త రేకు మీద ఎత్తితే సొట్ట పడుతుంది.

కొత్త చెక్క ట్రీట్ చేయని డగ్లస్ ఫర్ కలప అయితే మంచిది. పై అంచులు గుండ్రంగా చెక్కండి. ప్రతి అడుగు దూరానికి ఒకటి చొప్పున అర అంగుళం రంధ్రాలు నిలువుగా వేయండి, నీళ్లు దిగిపోవాలి. తర్వాత రంధ్రాల లోపలతో సహా అన్ని పక్కలా ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) రెండు పూతలు వేయండి. బోల్టు తలలు పై ముఖం నుంచి కనీసం పావు అంగుళం లోపలికి దిగాలి. కార్పెట్ వెనక రబ్బరు లేని పాలీప్రొపిలీన్ రకం తీసుకోండి. పిన్నులు స్టెయిన్‌లెస్‌వి, అవీ చెక్క కింది వైపే. పైన కొట్టిన పిన్ను రేకుకు తగిలితే అదొక్కటే చాలు ఇంకో గుంతకు.

కార్పెట్ బదులు ప్లాస్టిక్ తొడుగులు బిగిస్తే తడి బాధే ఉండదు, నా ఓటు వాటికే. ఒక్క జాగ్రత్త: ట్రైలర్ నీళ్లలోకి దిగేదాకా వించి పట్టీ (బోటు ముక్కును ట్రైలర్‌కు లాగి పట్టే పట్టీ) విప్పొద్దు. ఆ తొడుగుల మీద బోటు క్షణంలో జారి ర్యాంపు కాంక్రీటు మీద పడుతుంది.

ఇక రేకు సంగతి. మచ్చల మీద తెల్ల పొడి మొత్తం స్టెయిన్‌లెస్ బ్రష్‌తో తీసి, గుంత అడుగున మెరిసే లోహం కనిపించేదాకా సూదిమొనతో గీకండి. పేరుకున్న రాగి కూడా పోవాలి కాబట్టి మెరూన్ రంగు స్కాచ్ బ్రైట్‌తో చుట్టూ అంగుళం మేర రుద్దండి. ఇక్కడ తొందరపడితే అదే గుంత మళ్లీ తెరుచుకుంటుంది. ఫాస్ఫారిక్ క్లీనర్ పట్టించి కడిగి, గాలన్ నీళ్లలో అర కప్పు వంట సోడా కలిపి పోసి, మళ్లీ మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి.

గుంత లోతును కాలిపర్ వెనక పుల్లతో కొలవండి. రేకు మందంలో మూడో వంతు లోపు అయితే శుభ్రం చేసి పూత వేస్తే చాలు. అంతకు మించి సగం దాకా ఉంటే మెరైన్ ఎపాక్సీ నింపాలి. ఎపాక్సీ పల్చగా పూసి, అది తడిగా ఉండగానే 80 నంబరు కాగితంతో దాని కిందే రుద్దండి. కొత్తగా తెరుచుకున్న లోహానికి గాలి తగలదు, ఆక్సైడ్ కట్టదు, పట్టు గట్టిగా ఉంటుంది. ఆ పైన చిక్కగా కలిపిన ఎపాక్సీ నింపండి. సగం దాటితే అల్యూమినియం వెల్డింగ్ తెలిసిన మనిషి దగ్గరకు తీసుకెళ్లండి.

అడుగు బాగానే ఉంది కానీ లోపల నేల కింద, వెనక గోడ చెక్క దగ్గర ఇవే మచ్చలు ఉంటే, నేలకు వేసిన ప్లైవుడ్ ట్రీటెడ్ అన్నమాట. మందు అదే, పని మాత్రం ఎక్కువ.

మిగతావి

స్క్రూల చుట్టూ, ట్రాన్స్‌డ్యూసర్ (చేపలు, లోతు చూపే పరికరం సెన్సర్) బ్రాకెట్ చుట్టూ తెల్ల వలయం ఉంటే అది స్టెయిన్‌లెస్‌కూ అల్యూమినియానికీ పడక. విప్పి, శుభ్రం చేసి, టెఫ్‌జెల్ (లోహాలను విడదీసి ఉంచే జిడ్డు ముద్ద) పూసి, నైలాన్ వాషర్ వేసి బిగించండి. లోపల అడుగున పడిపోయిన సీసపు గుండ్లు, నాణేలు ఏరేయండి.

రంగు బుడగలుగా లేస్తే సాండింగ్‌కూ ప్రైమర్‌కూ మధ్య ఎడం ఎక్కువైంది. అదే రోజు, వీలైతే గంటలోపే ఎచ్ ప్రైమర్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ పడాలి. క్యూప్రస్ ఆక్సైడ్ ఉన్న, నాచు అంటకుండా వేసే యాంటీఫౌలింగ్ రంగు అల్యూమినియం మీద వేయొద్దు, అది కూడా రాగే.

యానోడ్లు (రేకు బదులు తాము కరిగిపోయే లోహపు ముక్కలు) మంచినీళ్లకు మెగ్నీషియం, గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్లకు అల్యూమినియం. మెగ్నీషియం ఉప్పునీళ్లలో దించకండి. ట్రైలర్ మీదే ఉండే బోటుకు అడుగున యానోడ్ పెద్దగా చేసేదేమీ లేదు, మోటారుది చూసుకోండి.

లీకేజీ కరెంటు అని భయపెట్టేవాళ్లున్నారు. బోటు రేవులో ఒడ్డు కరెంటుకు తగిలించి ఉంటే తప్ప అది అరుదు. అలా ఉంచేవాళ్లు గాల్వానిక్ ఐసొలేటర్ (ఒడ్డు తీగ గుండా వచ్చే చిన్న కరెంటును ఆపే పరికరం) పెట్టించుకోండి. మిగతావాళ్లు బ్యాటరీ నెగెటివ్ తీగను హల్‌కు (బోటు రేకు ఒంటికి) వేరే ఎక్కడా బిగించలేదని చూసుకుంటే చాలు.